పదికి పది

ఆ పొద్దు ఆకాశం బూడిద రంగులోంచి నేరుగా తెలుపులోకి తిరిగింది. నడుమ ఎరుపన్నది లేదు. మబ్బూ లేదు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు మండుతున్నన్నాళ్లూ చాలా ఉదయాలు ఇట్లాగే వస్తాయి. సూర్యుడు ఎప్పుడు లేచాడో ఎవరూ చూడరు. గోడల పక్కన నీడలు కనబడ్డాక, లేచాడని తెలుస్తుంది.

నాగులు అప్పటికే మూడోసారి పాత చీర ముక్కను తొట్టిలో ముంచి, పిండి, చెల్లెలి గది కిటికీకి కడుతున్నాడు. ముంచిన ప్రతిసారీ తొట్టిలో నీళ్లు పలచటి మజ్జిగలా తెల్లబడుతున్నాయి. గాలి మోసుకొచ్చే సున్నపు దుమ్మంతా ఆ గుడ్డకే పట్టాలి, లోపలికి పోకూడదు. మనిషికి దుమ్ము తగలకూడదని విజయవాడ ఆసుపత్రిలో చెప్పారు. పిడుగురాళ్లలో ఉంటూ దుమ్ము తగలకుండా ఉండటం ఎట్లాగో వాళ్లు చెప్పలేదు. తడిగుడ్డ సంగతి నాగులే ఆలోచించాడు. పధ్నాలుగు నెలలుగా పొద్దున మూడుసార్లు, సాయంత్రం రెండుసార్లు.

అతనికి యాభై ఆరేళ్లు. పొట్టి మనిషి. మోచేతుల కింద వెంట్రుక ఉండదు, నలభై ఏళ్లుగా సున్నం తినేసింది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి, ఆ పగుళ్లలో తెల్లటి గీతలు నిలిచిపోయాయి. ఎంత తోమినా పోవు. పది మందిలో నిలబెట్టి ఫొటో తీస్తే పదకొండో మనిషిలా ఉంటాడు. ఇరవై ఏళ్లుగా బియ్యం ఇస్తున్న రేషను షాపు డీలరు ఇప్పటికీ ప్రతి నెలా అతని పేరు అడుగుతాడు. అతనూ ప్రతి నెలా కొత్తగా చెబుతాడు.

"చాల్లే అన్నా. గాలి ఆడటంలా," అంది లోపల్నించి కోటేశ్వరి.

"ఆడుద్దిలే."

"నీకేం, బయట ఉన్నావు."

అతను ముడి వదులు చేసి, మళ్లీ బిగించి, లోపలికి వచ్చాడు. కోటేశ్వరి మంచం అంచున కూర్చుని ఉంది. అతనికంటే ఏడేళ్లు చిన్నది. చెక్కిళ్ల మీద, మెడ మీద, అరచేతుల్లో ఎర్రగా పొక్కి ఉంది. పది రోజుల కిందట చెవుల వెనక మొదలైంది, ఇప్పుడు ముంజేతుల దాకా దిగింది. పెదవుల లోపల తెల్లటి పుళ్లు. కళ్లలో నీళ్లు ఊరవు. ఏడుపొచ్చినా సీసాలోని చుక్కలు వేసుకోవాల్సిందే.

"రాత్రి నుంచి ఎన్నిసార్లు పోయావు?"

"ఎవరు లెక్కెట్టుకున్నారు?"

"ఆరుసార్లు," అంది వంటింట్లోంచి సుబ్బరత్నం, నాగులు భార్య. "నేను పెట్టుకున్నా లెక్క. ఆరోసారి నడవలేకపోతే నేనే పట్టుకుపోయా."

పొక్కులు వేరు, విరేచనాలు వేరు. కడుపులోకి దిగితే ఆలస్యం చెయ్యొద్దని ఆసుపత్రిలో చెప్పి పంపారు.

"ఇయ్యాల చెప్పేస్తా కోటీ."

"ఎవరికి?"

"ఆసుపత్రోళ్లకి."

"నేను లేదని చెప్పా గదా. ఇప్పుడు నువ్వు ఉందంటే నేను అబద్ధాలదాన్నవుతా."

"అయితే అవుతావు."

"చెప్పొద్దన్నా. నిన్ను తిడతారు," అంది ఆమె.

నాగులు ఎడమ జబ్బ లాగుతుంటే కుడిచేత్తో పిసుక్కుంటూ బయటికి వచ్చాడు. దొడ్లో మూడు రాళ్ల పొయ్యి చల్లగా ఉంది. ఎనిమిది రోజుల కిందటి దాకా ఈ వేళకు దాని మీద గిన్నె ఉండేది. ఇప్పుడు ఈ పావుగంట చేతులతో ఏం చెయ్యాలో అతనికి తోచడం లేదు. పొయ్యి పక్కన పడి ఉన్న పుల్లలు ఏరి ఒక మూలకు సర్ది, బట్టీకి బయల్దేరాడు.

చెప్పాల్సింది ఒక తీగ సంగతి.

కరోనా వచ్చినప్పుడు బట్టీల్లో ఆడవాళ్లందరూ తిప్పతీగ కషాయం తాగారు. ఇమ్యూనిటీ అన్న మాట అప్పుడే ఊళ్లోకి వచ్చింది. రాళ్లు కొట్టే ముసలమ్మలు కూడా ఆ మాట అనేవాళ్లు. అది పెరిగితే రోగం రాదని, తిప్పతీగ దాన్ని పెంచుతుందని. అప్పుడు ఆ వీధిలో ఎవరూ పోలేదు. కషాయం వల్లో కాదో గాని, నమ్మకం మాత్రం ఉండిపోయింది.

కోటేశ్వరికి రక్తంలో క్యాన్సరు వచ్చింది ఆ తరవాత రెండేళ్లకు. అప్పటికే భర్త పోయి, పెదకూరపాడు వైపు మిరపకోతలకు పోతూ ఒంటరిగా ఉంటోంది. పిల్లల్లేరు. మందులు ఎక్కించారు, తగ్గింది, మళ్లీ లేచింది. చివరికి తోడబుట్టినవాళ్ల రక్తం సరిపోతే మూలకణాలు ఎక్కిస్తామన్నారు. రక్తానికి అవి విత్తనం లాంటివట. పాత రక్తాన్ని మందుతో మొదలంటా చంపేసి, ఈ విత్తనం వేస్తే కొత్త రక్తం పుడుతుందట. నాగులు రక్తం తీసి పరీక్షకు పంపారు. పదిహేను రోజులకు డాక్టరు కాగితం చూస్తూ నవ్వి, "పదికి పది కలిశాయి" అన్నాడు.

నాగులు మూడో తరగతిలో బడి మానేశాడు. తల్లి పోయినప్పుడు కోటేశ్వరికి రెండేళ్లు. తండ్రి రాళ్ల గనికి పోతే పిల్లను చూసేవాళ్లు లేరు. కొన్నాళ్లు చంకనేసుకుని బడికి పోయాడు. అది ఏడిస్తే అయ్యవారు ఇద్దర్నీ బయటికి పంపేవాడు. ఒకరోజు బయటికి వచ్చినవాడు మళ్లీ లోపలికి పోలేదు. పదికి పది రావడం అతనికి అదే మొదలు.

అయిదు రోజులు సూదులు వేశారు. నడుము ఎముకలు లోపల్నుంచి ఎవరో గుంజుతున్నట్టు నొప్పి పుట్టింది. ఆరో రోజు ఒక చేతిలోంచి రక్తం యంత్రంలోకి పోయి, రెండో చేతిలోంచి వెనక్కి వస్తుంటే నాలుగు గంటలు కదలకుండా పడుకున్నాడు. అంతా అయ్యాక చూపించారు, అరచేయంత సంచిలో తేరని మిరప చారు లాంటి ఎర్రటి నీళ్లు. "ఇంతేనా?" అన్నాడు నాగులు. ఇంకా ఎక్కువ తీసుకోవచ్చేమో అడగమని భార్యతో అన్నాడు. సరిపోతుందన్నారు. నాలుగో రోజుకి బట్టీలో పనికి పోయాడు.

మూడు నెలలకు కోటేశ్వరి రక్తం గ్రూపు మారిపోయింది. పుట్టినప్పట్నించీ ఓ పాజిటివ్, ఇప్పుడు బి పాజిటివ్. నాగులుది బి పాజిటివ్. అంటే ఆమె ఒంట్లో తిరిగేది అతని రక్తమే. ఇది అతనికి మిగతా అన్నిటికంటే బాగా అర్థమైంది. ఆ రోజు నుంచి బీడీ మానేశాడు.

ఏడాది తిరిగినా ఆమె కండపట్టలేదు. అప్పుడు అతనికి తీగ గుర్తొచ్చింది. బట్టీ దారి కంచె మీంచి బొటనవేలు లావు తీగ కోసుకొచ్చి, దంచి, నాలుగు గ్లాసుల నీళ్లు రెండు గ్లాసులయ్యే దాకా మరగబెట్టేవాడు. ఒకటి ఆమెకు, రెండోది తనకు. తన దగ్గరున్నది గట్టిపడితే ఆమె దగ్గరున్నదీ గట్టిపడుతుందని. ఇది ఎవరూ చెప్పింది కాదు, అతనికే తట్టింది. నలభై రోజులు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మొహాలు చిట్లించుకుని, ఒక్క గుక్కలో తాగారు. ఆమె నవ్వేది. "చిన్నప్పుడు ఆముదం తాగించినట్టుందన్నా" అనేది.

తరవాత చెవుల వెనక ఎర్రబడింది.

ఎనిమిది రోజుల కిందట విజయవాడ పోయినప్పుడు డాక్టరు పొక్కులు చూసి, "పసర్లుగాని, కషాయాలుగాని ఏమన్నా తాగారా?" అని అడిగాడు. నాగులు నోరు తెరిచేలోపే కోటేశ్వరి "లేదండీ" అంది. డాక్టరు రాసుకున్నాడు. బిళ్లలు తగ్గిస్తూ వస్తున్నాం కాబట్టి కొంచెం ఇట్లా రావడం ఉంటుంది, ఉన్నవే వాడుతూ రెండు వారాలు చూద్దాం అన్నాడు.

బస్సులో నాగులు అడిగాడు. "ఎందుకే అట్టా చెప్పావు?"

"నువ్వు చేతులు కట్టుకుని నిలబడ్డావు. అయ్యవారి ముందు నిలబడ్డట్టు. చూళ్లేకపోయా."

ఇంటికి వచ్చాక కషాయం ఆపేశాడు. తనది కూడా ఆపేశాడు. ఆపితే అదే తగ్గుతుందనుకున్నాడు. తగ్గలేదు.

బట్టీ అడుగున సున్నం లాగే గుంట దగ్గర నాగులు పని. పైనుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు వేస్తారు. కింద కాలిన రాయి దిగుతుంది. దాన్ని చేత్తో ఏరాలి. కాలిన రాయి తేలిగ్గా ఉంటుంది, తట్టితే పెంకులా మోగుతుంది. సరిగా కాలనిది పైకి తెల్లగానే ఉన్నా లోపల పచ్చిరాయి మిగిలి బరువుంటుంది. మరీ కాలిందీ పనికిరాదు, నీళ్లు పోస్తే పొంగదు, బండలా కూర్చుంటుంది. ఎత్తగానే ఏది ఏదో నాగులు చేతికి తెలుసు. ఇన్నేళ్లలో అతని గురించి మేస్త్రీ చెప్పిన మంచిమాట ఒక్కటే: "నాగులు ఏరితే మళ్లీ చూడక్కర్లా."

మోచేతులకు, మొహానికి కొబ్బరినూనె పట్టించి, నోటికి తువాలు కట్టి, గుంటలోకి దిగాడు. పక్కన బెంజిమిన్. పదహారేళ్లుగా ఇద్దరూ ఒకే గుంటలో పని చేస్తున్నారు. బెంజిమిన్ గొంతు పెద్దది, పని తక్కువ.

"ఏం బావా, మా కోటమ్మకి మీసాలొచ్చినయ్యా?"

మగవాడి రక్తం ఎక్కిందని పధ్నాలుగు నెలలుగా వేస్తున్న జోకు అది. రోజూ నాగులు "నీకే రాలా సరిగ్గా" అనేవాడు. ఇవాళ వంగి ఇంకో రాయి ఎత్తాడు.

"ఏంది బావా, అట్టా ఉన్నావు?"

నాగులు చేతిలో రాయిని తట్టి చూసి పక్కన వేశాడు. "నా రక్తం దాన్ని కొరుకుతుందిరా."

"రక్తానికి పళ్లుంటయ్యా?"

"ఉంటయ్యంట."

డాక్టరు మొదట్లోనే చెప్పాడు. ఒంట్లో కావలివాళ్లుంటారు. రోగం వస్తే పట్టుకునేది వాళ్లే. మీ చెల్లెలి పాత కావలివాళ్లను తీసేసి, మీ కావలివాళ్లను పెట్టాం. పదికి పది కలిశారు గనక చాలావరకు సర్దుకుంటారు. అయినా వాళ్లకు అది కొత్త ఇల్లు. ఒక్కోసారి ఇంట్లోవాళ్లనే దొంగలనుకుని కొడతారు, ఒంటి మీద, నోట్లో, కళ్లలో, కడుపులో. ఈ బిళ్లలు వాళ్లను కూర్చోబెట్టడానికే. అట్లాగని పూర్తిగా నిద్రపుచ్చకూడదు. దాక్కున్న పాత జబ్బును వెతికి చంపేది కూడా వాళ్లే.

నాగులు అప్పుడు తలూపాడు. మంట తక్కువైతే రాయి పచ్చిగా మిగులుతుంది, ఎక్కువైతే మాడుతుంది. అది తెలియని సంగతేమీ కాదు. తెలిసి కూడా, బిళ్లలతో వాళ్లు కూర్చోబెడుతున్నదాన్ని తను నలభై రోజులు చేతులారా లేపాడు. చెల్లెలికి బలం వస్తుందని తను మరగబెట్టిన బలమంతా చెల్లెలి మీదికే పోయింది.

కొట్టడమన్నది అతను ఒక్కసారే ఎరుగును. కోటేశ్వరికి తొమ్మిదేళ్లప్పుడు, అన్నం తెచ్చి, ఆట్లాడుకుంటూ మండుతున్న బట్టీ అంచుదాకా పోయింది. రెక్క పట్టి వెనక్కి గుంజి చెంప మీద ఒక్కటి కొట్టాడు. నాలుగు వేళ్లూ తేలాయి. సాయంత్రం దాకా ఆ చెంప వంక చూడలేకపోయాడు. ఈ పది రోజులుగా పొద్దున్నే లేచి ఆమె మొహం చూస్తే రెండు చెంపలూ అట్లాగే ఉంటున్నాయి.

బెంజిమిన్‌కు అంతా చెప్పాడు. తీగ సంగతి, బస్సులో మాట, రాత్రి ఆరుసార్లు పోవడం. అంత మాట్లాడటం అతనికి అలవాటు లేదు, మధ్యలో రెండుసార్లు ఆగాడు.

"ఫోన్ చేసి చెప్పెయ్," అన్నాడు బెంజిమిన్.

"ఇంత చేసింది చెడగొట్టావు, ఇంక రావద్దంటే?"

"అనరు. తిడితే తిట్టించుకో. మేస్త్రీ రోజూ తిట్టటంలా? ఆసుపత్రోళ్లయితే ఇంగ్లీషులో తిడతారు. మనకి అర్థం గూడా కాదు, ఇంకా నయం."

నాగులు తువాలు కింద నవ్వాడో లేదో తెలియదు. మధ్యాహ్నం అన్నం గిన్నె తెరిచి, రెండు ముద్దలు తిని, మూతపెట్టాడు. ఇంటికంతా ఉన్న ఫోను ఒక్కటే, అది అతని చొక్కా జేబులో ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంటుంది. రేకుల షెడ్డు కిందికి పోయి, కవరు విప్పి, ఆసుపత్రి నర్సు హుమేరా నంబరు నొక్కాడు. మోగుతుండగా లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నేను పిడుగురాళ్ల నాగుల్ని. కోటేశ్వరి అన్నని."

"చెప్పండి అంకుల్. ఎలా ఉంది?"

"తిప్పతీగ కషాయం పోశానమ్మా. నలభై రోజులు పోశా. మొన్న అది లేదని చెప్పింది. నన్ను తిడతారని చెప్పింది. దాని తప్పు లేదు. పోసింది నేను."

నాగులు కాళ్లు దగ్గరికి పెట్టుకున్నాడు.

"ఇప్పుడు ఆపేశారా అంకుల్?"

"ఎనిమిది రోజులైంది."

"మోషన్స్ ఏమన్నా అవుతున్నాయా?"

"రాత్రి నుంచి ఆరు. పొద్దుటి తరవాత తెలవదమ్మా, పనిలో ఉన్నా."

"సరే. డాక్టరుగారితో మాట్లాడి అరగంటలో నేనే చేస్తాను. ఫోన్ దగ్గర పెట్టుకోండి."

"అమ్మా." అతను ఆగాడు. "దానివల్లేనా?"

"చెప్పలేం అంకుల్. బిళ్లలు తగ్గించినందుకూ కావచ్చు, రెండూ కలిసీ కావచ్చు. ఇప్పుడు తెలిసింది కదా. చెప్పి మంచి పని చేశారు."

తిట్టలేదు. తిట్లకు సిద్ధపడి బిగపట్టుకున్న ఒళ్లు ఒక్కసారిగా ఏం చెయ్యాలో తెలియనట్టయి, అతను బొగ్గు బస్తాల మీద కూర్చున్నాడు. చెమట పట్టింది. బట్టీ దగ్గర చెమట పట్టడం వింత కాదు.

అరగంట అన్నది గంట పైన అయింది. రెండు దాటాక ఫోను మోగింది. చిన్న తెల్ల బిళ్లలు ఇప్పుడు ఒకటి వేస్తున్నారు కదా, ఇవాళ నాలుగు వెయ్యాలంది హుమేరా. ఇవాళే, పొద్దుగూకేలోపు. ఖాళీ కడుపుతో వద్దు, అన్నం తిన్నాకే, అది మాత్రం మర్చిపోవద్దు. రెండో మందు, గొట్టం బిళ్ల, ఎప్పటిలాగే. రేపు పొద్దున్నే తీసుకొస్తే పడక సిద్ధంగా పెడతానంది. "రాసుకున్నారా అంకుల్?"

"రాసుకుంటన్నానమ్మా. మళ్లీ చెప్పు."

కాగితం లేదు. బెంజిమిన్ పాత లోడు చీటీ ఒకటి, పెన్నూ ఇచ్చాడు. నాగులు చీటీని మోకాలి మీద పెట్టుకుని, వెనకవైపు, తనకు తప్పు లేకుండా వచ్చిన కొద్ది మాటల్లో ఒకదాన్ని పెద్దగా రాశాడు: అన్నం. దాని కింద గుండ్రాలు వేశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తిట్టారా?" అన్నాడు బెంజిమిన్.

"తిట్టలా. అంకుల్ అంది."

"చూశావా. ఇంటికి పో ఇంక. మేస్త్రీకి నేను చెబుతా."

"ఈ లారీ నిండనీ. పోతా." జబ్బ పిసుక్కున్నాడు. "కాసేపు కూర్చుంటాన్రా. చానా అలుపుగా ఉంది."

పదహారేళ్లలో ఆ మాట అతని నోట బెంజిమిన్ వినలేదు. సరేనని లారీ దగ్గరికి పోయాడు. డ్రైవరు ఏదో కొట్లాట పెట్టుకున్నాడు, దాంతో సరిపోయింది. లారీ నిండి, టార్పాలిను కట్టి, గేటు దాటింది. తిరిగి వచ్చేసరికి నాగులు బస్తాలకు ఆనుకుని అట్లాగే కూర్చుని ఉన్నాడు, తువాలు ఒళ్లో, గడ్డం రొమ్ము మీద.

"లే బావా. లారీ పోయింది, నువ్వూ పో."

భుజం తట్టాడు. తరవాత చెయ్యి పట్టుకున్నాడు. బట్టీ పక్కన ఏ వస్తువైనా వెచ్చగానే ఉంటుంది. ఆ చెయ్యి వెచ్చగా లేదు.

ఆటోలో ఊళ్లోని ఆసుపత్రికి తీసుకుపోతే, గుండె ఆగి గంట దాటిందన్నారు. అదే ఆటోలో ఇంటికి తెచ్చి వరండాలో చాప మీద పడుకోబెట్టారు. సుబ్బరత్నం ఏడ్చింది. తరవాత ఏడుపు ఆపి కొబ్బరినూనె తెచ్చుకుంది. సున్నం మీద ఒట్టి నీళ్లు పడితే ఒళ్లు కాలుతుందని, రోజూ అతను చేసుకున్నట్టే ముందు నూనెతో తుడిచి, ఆ తరవాత నీళ్లతో కడిగింది. ఇంక కాలేది ఏముందని ఒకరన్నారు. ఆమె వినిపించుకోలేదు. నూనె తగిలిన చోటల్లా దుమ్ము పోయి, మనిషి నల్లగా, కొంచెం చిన్నవాడిలా బయటపడ్డాడు.

కోటేశ్వరి గది గడపలో కూర్చుని ఉంది. జనంలోకి రాకూడదు, మూతికి కట్టిన గుడ్డ తియ్యకూడదు. అక్కడినుంచే చూస్తోంది. కళ్లలోకి ఏమీ రావడం లేదు. చుక్కల మందు వేసుకోవాలని ఆమెకూ తోచలేదు, ఇంకెవరికీ తోచలేదు.

తలకొరివి పెట్టడానికి కొడుకుల్లేరు. మాచర్లలో ఉన్న తమ్ముడి వరస మనిషి పొద్దున్నే వస్తానన్నాడు, అప్పుడు తీసుకుపోదామని పెద్దలు అనుకున్నారు. పొద్దు వాలుతోంది. అప్పటిదాకా గేటు దగ్గర నిలబడి ఉన్న బెంజిమిన్ లోపలికి వచ్చి, నాగులు జేబులోంచి తీసిన లోడు చీటీ సుబ్బరత్నం చేతిలో పెట్టాడు.

"అక్కా, మధ్యానం ఆసుపత్రికి ఫోన్ చేశాడు. కషాయం సంగతి చెప్పేశాడు. పొద్దుగూకేలోపు కోటమ్మ నాలుగు బిళ్లలు వేసుకోవాలంట. అన్నం తిన్నాకే వేసుకోవాలంట. అది మర్చిపోవద్దన్నారు. రేపు పొద్దున్నే నేను తీసుకుపోతా."

సుబ్బరత్నం చీటీ చూసింది. చాప మీది మనిషిని చూసింది. లేచి గడప దగ్గరికి పోయింది.

"అన్నం తినాలంట కోటీ."

"ఇప్పుడా? నావల్ల కాదొదినా."

"బిళ్లలెయ్యాలంట."

"చెప్పొద్దన్నా గదా పొద్దున. చెప్పొద్దన్నా," అంది కోటేశ్వరి. "నాకు తెలుసొదినా. పదిహేను రోజులకే తెలిసింది, అది నాకు పడటం లేదని. నోరు మండేది. పొద్దున్నే లేచి, పొయ్యి ముందు కూర్చుని కాస్తుంటే... ఎట్టా వద్దనేది?"

సుబ్బరత్నం ఆమె తల మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, తీసింది.

ఎదురింటి వీరరాఘవమ్మ ఇదంతా వింది. వీధిలో పెద్ద వయసామె, చావులకూ పురుళ్లకూ ఏం చెయ్యాలో చెప్పేది ఆమే. "ఏమే సుబ్బరత్నం, మనిషి ఇంట్లో ఉండగా మెతుకులు ముట్టుకుంటారటే?" అంది. "శవం లేచిందాకా పొయ్యి గూడా ఎలిగించం."

"పెద్దమ్మా," అంది సుబ్బరత్నం. గొంతు పెంచలేదు. "దాని ఒంట్లో తిరిగేది ఆయనే గదా. ఆయన్ని పస్తు పెట్టమంటావా?"

వీరరాఘవమ్మ చాప వైపు చూసింది, గడప వైపు చూసింది. మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి, వీధి దాటి తన ఇంటికి పోయింది. కోపం వచ్చి పోయిందనుకున్నారు. అరగంటకు ఆమె గుమ్మం దగ్గర్నుంచి కేక వినబడింది.

"కారం ఎయ్యొచ్చా?"

"వద్దు పెద్దమ్మా. నోరు పూసింది."

మెత్తగా ఉడికించిన అన్నం, ఉప్పు తప్ప ఏమీ లేని పెసరపప్పు తెచ్చింది. గదిలో కింద పెట్టి, తలుపు సగం దగ్గరికి వేసింది. కోటేశ్వరి కంచం ముందు కూర్చుంది గాని అన్నంలో చెయ్యి పెట్టలేదు. సుబ్బరత్నం ఇంకో కంచం తెచ్చుకుని, ఎదురుగా కూర్చుని, వడ్డించుకుంది. తలుపు దగ్గర కాపలాగా నిలబడ్డ వీరరాఘవమ్మ కూడా, ఒక నిమిషం ఆగి, గోడవారగా కూర్చుని గిన్నె మూతలో నాలుగు మెతుకులు పెట్టుకుంది.

ముగ్గురూ తిన్నారు. పల్నాటిలో పుట్టి పెరిగిన నోళ్లకు ఆ పప్పు ఏ రుచీ లేకుండా జారిపోయింది. బయట ఎవరో దగ్గారు. తడిగుడ్డ ఆరిపోయి కిటికీకి కదులుతోంది. కోటేశ్వరి ఒక్కో ముద్దా పుళ్లకు తగలకుండా నాలుక మధ్యన పెట్టుకుని, కళ్లు మూసుకుని మింగింది. కంచం ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. తరవాత డబ్బా తెరిచి, తెల్ల బిళ్లలు అరచేతిలో పోసుకుని, చీటీతో సరిచూసుకుని, నీళ్లు తాగింది.

కంచాల మధ్య, నీళ్ల చెంబు పక్కన ఆ లోడు చీటీ పరిచి ఉంది. మడతల్లో చెమట తడి ఇంకా ఆరలేదు. అన్నం అని పెద్ద అక్షరాలు, వాటి కింద నాలుగు గుండ్రాలు. నాలుగోది చుట్టూ తిరిగొచ్చి, కలవకుండా ఆగిపోయింది.